రంగునకు కొలత

ధాన్యము పది కుంచములని చెప్పినంతమాత్రమున లెక్క తేలదు. అది ఏ ఊరి కుంచమో తెలియవలెను. పూర్వము ఊరూరికిని కుంచము మారెడిది. నేడు కంప్యూటరుపై చిత్రము కూర్చి అచ్చునకు పంపువారి చిక్కు ఇట్టిదే. తెరమీద నిండు కాషాయముగా కనబడిన శుభలేఖ, అచ్చయి వచ్చునప్పటికి ఇటుకరంగు తిరుగును. పలుమారు అందులకు కారణము కొలత చెప్పకపోవుటయే. ఆ కొలత లోకమునకు ఎట్లు దొరకినదో సంగ్రహముగా చెప్పదలచితిమి.

వెలుతురు, వస్తువు, కన్ను - ఈ మూడును కలిసిననే రంగు. స్కాట్లండు దేశీయుడగు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1860లో ప్రకటించిన పరిశోధనలో ఎరుపు, ఆకుపచ్చ, నీలపు వెలుగుల పాళ్ళతో ఇతర వర్ణములను సరిపోల్చి కొలిచెను. చూచినవారు ఇరువురు: తాను, తన భార్య కాథరిన్. ఆ దంపతుల కొలతలే పూర్తిగా ఏకీభవింపలేదు. ఇక లోకమునకంతటికి ఎవరి కన్ను ప్రమాణము?

1920ల చివర లండనులో డేవిడ్ రైట్ 10 మంది చూపును, టెడింగ్టనులోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో జాన్ గిల్డ్ 7గురి చూపును పరీక్షించిరి. పరికరములు వేరు, మనుష్యులు వేరు. అయినను ఫలితములు దగ్గరగా కలిసినవి. 1931లో కేంబ్రిడ్జిలో సమావేశమైన అంతర్జాతీయ దీపన సంఘము, అనగా సీఐఈ, ఆ 17 మంది సగటు చూపును ప్రమాణముగా స్వీకరించెను.

ఈ కొలత మన దేశమునకును పనికి వచ్చినది. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీజీకి పతాక నమూనా సమర్పించిన సంగతి తెలుగువారెరిగినదే. స్వతంత్ర భారత పతాకమునకు 1951లో భారతీయ ప్రమాణముల సంస్థ ప్రమాణమును నిర్ణయించెను. 1968 నాటి ప్రమాణములో కాషాయము 0.538, 0.360 అను సీఐఈ అంకెలతో నిర్దేశింపబడినది. అద్దకమువాడు ఏ ఊరివాడైనను చేరవలసిన రంగు ఒక్కటే.

కంప్యూటరులకు ఈ క్రమము ఆలస్యముగా అబ్బినది. తెర మూడు వెలుగులను కలుపును. అచ్చు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలను వాడును. 1993లో ఎనిమిది సంస్థలు కూడి అంతర్జాతీయ వర్ణ సంఘమును స్థాపించి, ఒక్కొక్క యంత్రపు రంగుల స్వభావమును తెలుపు ‘ప్రొఫైలు’నకు ఉమ్మడి రూపము కల్పించినవి. ఒక ప్రొఫైలునుండి మరియొకదానికి మార్చునపుడు నడుమ నిలుచునది 1931 నాటి చూపుపై ఆధారపడిన కొలతయే.

కావున కలర్ సెట్టింగులు సరిచేయువారు మొదట తెరను పరికరముతో కొలిపించవలెను. అచ్చుశాలవారి ప్రొఫైలును పని ఆరంభింపకముందే అడిగి తెచ్చుకొనవలెను. ఫైలును ప్రొఫైలు జతచేయక పంపరాదు. ‘అసైన్’, ‘కన్వర్ట్’ అను రెండు ఆజ్ఞలను కలగాపులగము చేయరాదు. మొదటిది అంకెలను అట్లే ఉంచి కుంచమును మార్చును. రెండవది కుంచము మారినను ధాన్యము తగ్గకుండ అంకెలను మార్చును.

తెరకు అందు రంగులలో కొన్ని సిరాకు అందవు. ఏ అమరికయు ఆ కొరతను తీర్పజాలదు. అయినను కొలత సరిగానున్నచో ఆ కొరత అచ్చునకు పూర్వమే తెలియును. శుభలేఖలు చేతికి వచ్చిన పిమ్మట విచారింపవలసిన పని యుండదు.