చల్లారిన చాయ్‌కి పట్టిన వైభోగం

మే నెల మధ్యాహ్నం కొల్లాపూర్ రోడ్ల మీద మనిషి అలికిడి ఉండదు గానీ చాయ్ హోటల్ పొయ్యి మాత్రం ఆరదు. తోటల్లో మామిడికాయ తెంపి వచ్చిన కూలీలు, లారీకి కాయ ఎక్కించిన హమాలీలు కూర్చోగానే అడిగేది చాయే. అదీ పొగలు కక్కేది. గిలాసలో కాస్త చల్లబడిందనిపిస్తే "జర గరం చేసియ్యి అన్నా" అని వెనక్కిస్తారు. ఇంటికొచ్చిన చుట్టానికి చల్లారిన చాయ్ ఇచ్చామంటే, మళ్ళీ రావద్దని చెప్పినట్టే లెక్క.

ఇందులో మూఢత్వమేమీ లేదు. వేడి పానీయం తాగితే చెమట ఎక్కువ పడుతుందని, ఆ చెమట పూర్తిగా ఆరిపోయే పొడి వాతావరణంలో ఒంట్లో నిలిచే వేడి తగ్గుతుందని కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో తేల్చారు. మన ఎండ పొడి ఎండ. కాబట్టి హమాలీ లెక్క తప్పు కాదు. ఉక్కపోసే ఊళ్ళలో మాత్రం ఆ లెక్క పనిచేయదు. చెమట ఆరదు, వేడి దిగదు. ఐసు చాయ్ కథ మొదలయ్యేది అలాంటి ఊళ్ళోనే.

అమెరికాలో తాగే టీలో దాదాపు ముప్పాతిక భాగం ఐసు వేసుకునే తాగుతారు. డాలస్‌కో అట్లాంటాకో చదువుకు వెళ్ళిన మన పిల్లలు హోటల్లో "టీ" అని అడిగితే, పొడుగాటి గ్లాసులో ఐసుగడ్డల మధ్య ఎర్రటి డికాషన్ వస్తుంది. పాలు ఉండవు. వేడిది కావాలంటే విడిగా చెప్పుకోవాలి. ఇంత పెద్ద అలవాటుకు ఒక పుట్టుక కథ ఉంది. ఆ కథలో మన దేశపు టీ కూడా ఉంది.

1904లో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఏప్రిల్ ఆఖరున మొదలై డిసెంబర్ 1 దాకా సాగిన జాతర అది. భారతదేశపు టీ తరఫున అక్కడ అంగడి పెట్టినవాడు రిచర్డ్ బ్లెచిండెన్ అనే ఇంగ్లిషాయన. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఊరు, నడి వేసవి, ఒళ్ళంతా జిగట. వేడి టీ ఊరికే పోస్తానన్నా ఎవరూ అటు తొంగిచూడలేదట. జనమంతా చల్లటివి అమ్మే చోట మూగుతున్నారు. తెచ్చిన సరుకు తెచ్చినట్టే ఉండిపోతుంటే ఆయనకు ఒక ఉపాయం తట్టింది. కాచిన డికాషన్‌ను ఐసులో పాతిన సీసపు గొట్టాల గుండా పంపి, అటు చివర గ్లాసుల్లో పట్టి ఇచ్చాడట. జనం విరగబడ్డారట. సీసపు గొట్టాలు అంటే ఇప్పుడు గుండె గుభేలుమంటుంది గానీ, ఆ రోజుల్లో చాలా నగరాల్లో మంచినీళ్ళు వచ్చేదీ వాటిలోంచే.

కథ బాగుంది. అందుకే వందేళ్ళకు పైగా చెప్పుకుంటున్నారు. కానీ నిజం కాదు.

1879లో వర్జీనియాకు చెందిన మేరియన్ కాబెల్ టైరీ అనే ఆవిడ ఒక వంటల పుస్తకం అచ్చు వేయించింది. అందులో ఐసు టీ చేసే పద్ధతి శుభ్రంగా రాసి ఉంది. పొద్దున్నే మరిగే నీళ్ళలో ఆకు వేసి వదిలేయాలి. మధ్యాహ్నం కదపకుండా వడకట్టాలి. సాయంత్రం అడుగున ఉన్న మడ్డి రాకుండా వంచుకోవాలి. గ్లాసు నిండా ఐసు వేసి, చక్కెర వేసి, దాని మీద పోయాలి. పైన నిమ్మరసం పిండితే వగరు విరుగుతుందని కూడా చెప్పింది. ఆమె వాడమన్నది ఆకుపచ్చ టీ. అప్పటి అమెరికా వాళ్ళకు అలవాటైంది చైనా, జపాన్ దేశాల నుంచి వచ్చే ఆ ఆకే. 1890లో అదే మిస్సోరిలో, నెవాడా అనే ఊళ్ళో మాజీ సైనికులు సమావేశమైతే అక్కడ ఖర్చయిన ఐసు టీ 880 గ్యాలన్లని స్థానిక పత్రిక రాసింది. అంటే మూడు వేల లీటర్లకు పైమాటే. బ్లెచిండెన్ కంటే 14 ఏళ్ళ ముందు, అదే రాష్ట్రంలో!

మరి బ్లెచిండెన్ చేసిందేమిటి? ఐసు టీని ఆయన కనిపెట్టలేదు. ఐసు టీలోకి నల్ల టీని, అంటే మన అస్సాం తోటల సరుకును, దించాడు. నన్నడిగితే అది అంతకంటే పెద్ద పని. అస్సాం టీ మొదటిసారి లండన్‌లో వేలానికి వచ్చింది 1839లో. ఆ తర్వాత అరవై ఏళ్ళలో తోటలు విపరీతంగా పెరిగిపోయి, పండిన ఆకు ఎక్కడ అమ్మాలో తెలియని పరిస్థితి వచ్చింది. 1903లో టీ సెస్సు చట్టం చేశారు. ఎగుమతయ్యే టీ మీద కొద్దిపాటి పన్ను వేసి, ఆ డబ్బుతో కొత్త మార్కెట్లు వెతకడం దాని పని. ఆ మరుసటి ఏడాదే సెయింట్ లూయిస్. బ్లెచిండెన్ అక్కడికి వెళ్ళింది జాతర చూడడానికి కాదు, అమెరికా వాడి గ్లాసులోంచి చైనా, జపాన్ ఆకును తోసేయడానికి. మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు కూడా కలిసివచ్చి, చివరికి ఆ దేశం నల్ల టీకే మళ్ళింది.

ఐసు సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు. చాయ్ చల్లార్చడం ఎవరికైనా చేతనవుతుంది. ఎండాకాలంలో ఐసుగడ్డ దొరకడమే అసలు కష్టం. బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో గడ్డకట్టిన చెరువులను రంపాలతో కోయించి, ఆ దిమ్మెలను రంపపు పొట్టులో కప్పి ఓడల్లో దేశదేశాలకు పంపేవాడు. 1833 మేలో బోస్టన్‌లో బయలుదేరిన 'టస్కనీ' అనే ఓడ 180 టన్నుల ఐసుతో నాలుగు నెలలు ప్రయాణించి కలకత్తా చేరింది. దాదాపు వంద టన్నులు కరగకుండా మిగిలింది! సుంకం మాఫీ చేసి, రాత్రిపూట దించుకోవడానికి అనుమతిచ్చారు. మద్రాసు సముద్రతీరంలో 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఆ వ్యాపారం కోసమే. 1897లో అమెరికా నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు తొమ్మిది రోజులు బస చేసింది ఆ భవనంలోనే, ఇప్పుడు దానికి ఆయన పేరే. అమెరికా రచయిత థోరో కూడా తను ఒడ్డున కాపురమున్న వాల్డెన్ చెరువు ఐసు మద్రాసుకు, కలకత్తాకు పోతుందని తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ ఐసు తాగింది దొరలూ, వాళ్ళ చుట్టూ తిరిగే కొద్దిమందీ. 1870ల తర్వాత యంత్రాలతో ఐసు చేయడం వచ్చాక ఓడల వ్యాపారం మూతపడింది, ఐసు చవకైంది. అమెరికా దక్షిణాది ఊళ్ళలో ఐసు టీ పాకింది అప్పుడే. మన చిన్న ఊళ్ళలో సోడా అంగళ్ళ ముందు గోనె పట్టా కప్పి, పొట్టులో పెట్టిన ఐసుదిమ్మెను సుత్తితో కొట్టి ఇచ్చేవాళ్ళు గుర్తున్నారు కదా, ట్యూడర్ పద్ధతే అది.

రుచులు కలపడం మాత్రం ఐసు కంటే చాలా పాతది. చైనా వాళ్ళు సాంగ్ వంశ కాలం నుంచే ఆకుకు మల్లె వాసన పట్టిస్తున్నారు. సాయంత్రం కోసిన మొగ్గలు రాత్రి విచ్చుకునే వేళకు ఆకుతో కలిపి పరుస్తారు, తెల్లారి పూలు ఏరి పారేస్తారు. మంచి రకమైతే ఇలా చాలా రాత్రులు చేస్తారు. చివరికి గ్లాసులో పువ్వు ఉండదు, వాసన ఉంటుంది. ఇంగ్లండులో ఇది వేరే దారిన వచ్చింది. 1837లో లండన్‌లో ఒక కంపెనీ టీలో బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ నూనె కలిపి మోసం చేస్తోందని ఆరోపణ వచ్చింది. నాసిరకం ఆకుకు వాసన పూసి ఎక్కువ ధరకు అమ్మడమని అప్పట్లో దానికి అర్థం. ఆ కల్తీయే తర్వాత ఎర్ల్ గ్రే పేరుతో గొప్పింటి టీ అయి కూర్చుంది. ప్రధానిగా పనిచేసిన గ్రే దొర పేరు దానికెలా తగులుకుందో చెప్పే కథలు చాలా ఉన్నాయి, ఒక్కటీ నిలవదు.

మన దగ్గర జరిగింది ఇంకా తమాషా. ఇక్కడి వాళ్ళకు టీ అలవాటు చేయాలని కంపెనీలు, 1930లలో వచ్చిన టీ విస్తరణ బోర్డు మనుషులను పెట్టి రైల్వే స్టేషన్లలో, మిల్లుల్లో, సంతల్లో టీ ఎలా కాయాలో చూపించాయి. కెటిల్ కడగాలి, కొలత ప్రకారం ఆకు వేయాలి, పాలు కొంచెమే పోయాలి అని పాఠం. అమ్మేవాళ్ళు విన్నట్టే విని, తమకు గిట్టుబాటయ్యే దారి చూసుకున్నారు. ఆకు తగ్గించి అల్లం, ఇలాచి దంచి వేశారు, పాలూ చక్కెరా దండిగా పోసి మరిగించారు. ఆకు తక్కువ పడుతోందని కంపెనీలు మొత్తుకున్నాయి. ఎవరు వింటారు? దేశమంతా తాగే మసాలా చాయ్ ఆ మాట వినకపోవడం లోంచి పుట్టింది. 1930 ప్రాంతంలోనే అస్సాంలోని అమ్గూరి తోటలో మెకెర్చర్ అనే ఆయన సీటీసీ యంత్రం పెట్టాడు. ఆకును నలిపి, చీల్చి, గుండ్రటి పలుకులుగా చుట్టే యంత్రం అది. ఆ పలుకు క్షణాల్లో చిక్కటి రంగు దించుతుంది, పాలకు ఎదురు నిలబడుతుంది. స్వాతంత్ర్యం తర్వాత మన ఇంటి డబ్బాల్లోకి చేరిన చాయ్‌పత్తా దాదాపు అంతా అదే. ఇటు హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్ళు డికాషన్ వేరుగా దమ్ము పట్టించి, మరిగి మరిగి చిక్కబడిన పాలు కలపడం నేర్పాయి. కొల్లాపూర్ నుంచి మామిడి లారీలు పోయే దారి పొడుగునా ఇప్పుడు అదే రుచి రాజ్యం.

బ్లెచిండెన్ మన టీనే అమ్మినా, ఐసు టీ మనకు అంటకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. పాల చాయ్ చల్లారితే మీగడ తేలుతుంది, ఐసు వేస్తే కుడితి నీళ్ళలా ఉంటుంది. పులుపు తగిలిందా, విరుగుతుంది. ఇక పండ్ల రుచులు ఎక్కడ కలుపుతాం? మధ్యలో వచ్చిన పొడి పాకెట్ల ఐసు టీ తీపే తప్ప టీ రుచి అంతగా లేనిది. దానికంటే నిమ్మ షర్బత్ నయమనుకున్నారు జనం. వాళ్ళ తీర్పు సరైనదే.

పాలు పక్కన పెట్టి చూస్తే సంగతి మారుతుంది. మన జిల్లాకు ఆ అవకాశం ఎక్కువ. ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఒక గాలివాన వస్తే తోటల్లో బేనిషాన్ మామిడికాయ నేలరాలుతుంది. రాలిన పచ్చికాయను అడిగినకాడికి అమ్మడమే గతి. ఐసు చాయ్‌లోకి దాన్ని మించింది నాకు కనబడలేదు. పండు రసం వద్దు. అది చిక్కగా ఉండి చాయ్ రుచిని మింగేస్తుంది, పైగా మంచి బేనిషాన్ పండును చాయ్‌లో వేయడం పాపం. పచ్చికాయ పులుపుకైతే టీ వగరు చక్కగా జోడీ కుదురుతుంది.

రెండు చిన్న కాయలు ఉడకబెట్టి గుజ్జు పిండి వడకట్టండి. అర లీటరు నీళ్ళు మరిగించి దించి, నాలుగు చెంచాల ఆకు వేయండి. పలుకుల పత్తా కంటే నీలగిరి పొడుగు ఆకు మేలు, పలుకు వాడితే రెండు చెంచాలు చాలు. నాలుగు నిమిషాలకు వడకట్టాలి, ఇంకా ఉంచితే చేదెక్కుతుంది. చక్కెర వేడి మీదే కలపాలి. చల్లబడ్డాక ఎంత తిప్పినా అడుగునే ఉంటుంది. ఐసు కరిగి పలుచన చేస్తుంది కాబట్టి డికాషన్ మామూలు కంటే రెట్టింపు చిక్కగా ఉండాలి. చల్లారాక మామిడి గుజ్జు, నాలుగు పుదీనా ఆకులు వేసి, గ్లాసు నిండా ఐసు పోసి దాని మీద వంచండి. పులుపు తగలగానే ముదురు ఎరుపు కాస్తా లేత బంగారు రంగులోకి తిరుగుతుంది, చూడండి. చాయ్ రంగుకు కారణమైన పదార్థాలకు పులుపు పడితే జరిగే మార్పు అది. ఫ్రిజ్‌లో పెట్టిన డికాషన్ ఒక్కోసారి మబ్బుపడుతుంది. పాడైందని పారబోయకండి. వగరు పదార్థాలు, కెఫిన్ చల్లదనానికి ఒకదాన్నొకటి పట్టుకోవడమే అది, కొంచెం వేడి నీళ్ళు పోస్తే తేటపడుతుంది. ఈ బాధ వద్దనుకుంటే, కాచి చల్లార్చిన నీళ్ళలో ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున వడకట్టుకోండి. వగరు తక్కువ, వాసన ఎక్కువ.

చాయ్ హోటల్ నడిపే అన్నలకు ఒక మాట. గరం చాయ్ మానమని ఎవరూ అనరు, అన్నా మా హమాలీలు ఒప్పుకోరు. రాలినకాయ చవకగా దొరికే ఆ నెలన్నర రోజులు పక్కన ఒక కుండ పెట్టి చూడండి. ఐసు మంచినీళ్ళతో చేసిందేనా అని అడిగి తెచ్చుకోండి. అలవాటు కొద్దీ చెయ్యి పాలగిన్నె మీదికి పోతుంది, పోనివ్వకండి.