ఇంటి కరెంటుకు చిన్న ఖర్చులు: ముందు షాక్ నుంచి రక్షణ, తర్వాత బిల్లు పొదుపు

పంట అమ్మిన డబ్బులో ఐదారు వేలు ఇంటి కరెంటు పనులకు పెట్టగలిగితే దేనికి పెట్టాలి? చాలామంది కొత్త ఫ్యానో, ఎల్‌ఈడీ లైట్లో కొంటారు. అవీ అవసరమే. కానీ పల్లెల్లో చాలా ఇళ్లకు సరైన ఎర్త్ లేదు, షాక్ తగిలినప్పుడు కరెంటును ఆపే పరికరమూ లేదు. ముందు ఆ రెండూ చేయించుకుని, మిగిలిన డబ్బుతో పొదుపు పరికరాలు కొనుక్కోవాలి. కింద చెప్పిన ధరలు సుమారుగా చెప్పినవే. కంపెనీని, ఊరిని బట్టి మారుతాయి.

దండెం తీగ ఈ రోజే మార్చండి

స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు బరువును మోయడానికి దాని వెంట ఒక ఇనుప తీగ కడతారు. ఎండకు, గాలికి సర్వీసు వైరు పైతొడుగు అరిగితే ఆ తీగకు కరెంటు వస్తుంది. దాన్ని కట్టిన పైపుకో, రేకుల కప్పుకో బట్టలారేసే జీఐ తీగను కూడా కట్టి ఉంటే, తడిబట్ట వేసిన మనిషికి షాక్ కొడుతుంది. కాపాడబోయి పట్టుకున్న వాళ్లకూ కొడుతుంది. వానాకాలంలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం చదివేది ఇలాంటి చోట్లనే.

ఇనుప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి. వంద రూపాయల లోపు పని ఇది. సర్వీసు వైరుకు అతుకులు ఉన్నా, రేకుకు రాసుకుంటున్నా అతుకు లేని కొత్త వైరు వేయించుకోవాలి. స్తంభం వైపు పని లైన్‌మన్‌తోనే చేయించండి. మీరు స్తంభం ఎక్కవద్దు.

ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు

బోర్డులో ఉన్న ఎంసీబీ లేదా ఫ్యూజు వైరు కాలిపోకుండా కాపాడుతుంది. మనిషిని కాపాడడం దాని పని కాదు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునేంత కరెంటు ఒంట్లోంచి పోయినా ప్రాణం పోవచ్చు. అంత చిన్న కరెంటును 6 ఆంపియర్ల ఎంసీబీ గుర్తించనే గుర్తించదు.

దీనికి పెట్టుకోవలసింది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని ఇది చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే కరెంటు మనిషి ద్వారానో, తడిగోడ ద్వారానో నేలలోకి పోతున్నట్టు. వెంటనే, రెప్పపాటులో, సరఫరా ఆపేస్తుంది. సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు పోళ్లది, 25 ఆంపియర్లది, 30 మిల్లీ ఆంపియర్లది అని అడిగి, ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. షాపులో 100 లేదా 300 మిల్లీ ఆంపియర్లది ఇస్తే తీసుకోవద్దు. అది అగ్నిప్రమాదాల కోసం, మనిషి రక్షణకు సరిపోదు. ధర రూ.1,500 నుంచి 2,500 వరకు ఉంటుంది. మెయిన్ స్విచ్ తర్వాత దీన్ని, దీని తర్వాత ఎంసీబీలను బిగించాలి. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడును ఆపలేదు, అందుకే ఎంసీబీ కూడా ఉండాలి. ఒకే చేత్తో ఫేజ్, న్యూట్రల్ రెండూ పట్టుకుంటే ఇది కూడా కాపాడలేదని గుర్తుంచుకోండి.

పాత ఇళ్లలో దీన్ని పెట్టగానే మాటిమాటికీ పడిపోతుంది. అప్పుడు చాలామంది ఎలక్ట్రీషియన్లు 'ఇది మీ ఇంటికి పడదు' అని దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేస్తారు. ఒప్పుకోవద్దు. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోందన్నమాట, లేదంటే న్యూట్రల్ వైర్లు తప్పుగా కలిసి ఉన్నాయి. అన్ని ఎంసీబీలు ఆపి, ప్లగ్గులన్నీ తీసేసి, ఒక్కొక్కటే పెడుతూ పోతే తప్పు ఎక్కడుందో చాలాసార్లు దొరుకుతుంది. ఎక్కువగా దొరికేవి కూలరు, నీళ్ల మోటారు, వాటర్ హీటరు, వాన కారే గోడలోని వైరు. ఆ వస్తువు మరమ్మతు చేయించండి, ఆర్‌సీసీబీని తీయవద్దు. దాని మీద 'టి' అని ఉన్న బటన్‌ను నెలకోసారి నొక్కాలి. నొక్కగానే పడిపోతే బాగున్నట్టు. పడకపోతే మార్చాలి.

ఎర్త్ గుంత

ఇనుప కూలరు, ఫ్రిజ్, గ్రైండరు, మోటారు లోపల వైరు తెగి బాడీకి తగిలితే ఆ కరెంటు నేలలోకి పోయే దారి ఎర్త్. ఎర్త్ ఉంటే బాడీని ఎవరూ ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడిపోతుంది. అందుకే రెండూ కలిసి ఉండాలి.

40 మిల్లీమీటర్ల జీఐ పైపు, కనీసం 2.5 మీటర్ల పొడవుది, ఇంటి గోడకు మీటరున్నర దూరంలో నిలువుగా దించాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. పైన గరాటు, చిన్న మూత పెట్టించుకుంటే ఎండాకాలంలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయవచ్చు. స్నానపు నీళ్లు పారే చోటు దగ్గర తవ్వితే ఆ శ్రమ కూడా తగ్గుతుంది. నల్లరేగడిలో సులభం. చలక నేలల్లో రాయి తగిలితే పైపును నిలువుకు 30 డిగ్రీలకు మించకుండా ఏటవాలుగా దించవచ్చు. అంతేగాని పైపు కోసి పొట్టిది చేయవద్దు. గుంత మీరే తవ్వుకుంటే సామాను, కూలి కలిపి రూ.2,000 నుంచి 3,000 అవుతుంది.

పని అయ్యాక, ఆర్‌సీసీబీ కలపకముందు, ఎలక్ట్రీషియన్‌ను ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య 100 వాట్ల మామూలు బల్బు పెట్టి చూపమనండి. మసకగా వెలిగితే ఎర్త్ పనికిరాదు.

కొన్ని ఇళ్లలో ఎర్త్ లేనందున సాకెట్లో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు. ఇది అన్నిటికంటే ప్రమాదం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఇంట్లోని ప్రతి ఇనుప వస్తువు బాడీకీ కరెంటు వస్తుంది. మీ సాకెట్లు విప్పించి ఒకసారి చూపించుకోండి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో పెట్టే అలవాటూ మానాలి.

పశువుల పాక

ఆవులు, గేదెలు మనకంటే తక్కువ కరెంటుకే చనిపోతాయి. వాటి ముందు కాళ్లకు, వెనక కాళ్లకు దూరం ఎక్కువ, పైగా తడి నేల మీద నిలబడతాయి. అందుకే పాకలో వైరును పీవీసీ పైపులో, పశువు మూతికి, కొమ్ముకు అందని ఎత్తులో వేయాలి. మేత కత్తిరించే యంత్రం మోటారుకు ఎర్త్ తప్పనిసరి. పాక కనెక్షన్ కూడా ఆర్‌సీసీబీ తర్వాతి నుంచే తీసుకోవాలి. గేదె ఖరీదుతో పోల్చుకుంటే ఇదేమీ పెద్ద ఖర్చు కాదు.

ఇక పొదుపు

60 వాట్ల పాత బల్బు ఇంకా ఉంటే తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి. రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు ఏడున్నర యూనిట్లు మిగులుతాయి. నాలుగైదు నెలల్లో బల్బు డబ్బు తిరిగి వస్తుంది. ఇందులో ఆలోచించేదేమీ లేదు.

ఫ్యాను విషయంలో లెక్క వేరు. మామూలు ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దాకా తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు తేడా. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 టారిఫ్ ప్రకారం 31 నుంచి 75 యూనిట్ల వరకు యూనిట్ రూ.3, ఆపై 125 వరకు రూ.4.50. అంటే నెలకు 60 నుంచి 90 రూపాయలు మిగులుతాయి. ఏడాదిలో ఎనిమిది నెలలు వాడినా, తిరుగుతున్న ఫ్యాను తీసేసి రూ.2,800 పెట్టి కొత్తది కొంటే ఆ డబ్బు రావడానికి నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుంది. కాబట్టి పాతది కాలిపోయినప్పుడే బీఎల్‌డీసీ కొనండి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు బిల్లు రాని ఇళ్లకు పొదుపు లెక్కే లేదు. అయితే ఎండాకాలంలో కూలరు వల్ల 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. అలా అంచున ఉన్న ఇంటికి మాత్రం ఇది పనికొస్తుంది.

ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే ముందు కండెన్సర్ మార్పించండి. 2.5 మైక్రోఫారడ్ది రూ.50 దాకా ఉంటుంది. చాలా ఫ్యాన్లు దానితోనే దారికొస్తాయి.

కరెంటు పోయినా మూడు నాలుగు గంటలు వెలిగే ఇన్వర్టర్ బల్బులు రూ.300 నుంచి 400కు దొరుకుతున్నాయి. వంటింట్లో ఒకటి, పాకకు వెళ్లే దారిలో ఒకటి చాలు. చీకట్లో పాము మీద కాలు వేసే భయం తగ్గుతుంది. స్విచ్ ఆన్‌లో ఉంటేనే బ్యాటరీ చార్జవుతుందని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

పని చేయించేటప్పుడు

లైట్లు, ఫ్యాన్లకు 1.5, పవర్ సాకెట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడాలి. మొదటిదానికి 10, రెండోదానికి 16 ఆంపియర్లకు మించని ఎంసీబీ పెట్టాలి. మాటిమాటికీ పడుతోందని పెద్ద ఎంసీబీ పెట్టినా, ఫ్యూజులో లావు తీగ చుట్టినా గోడలోని వైరు కాలుతుంది. స్విచ్ ఆపాక బల్బు హోల్డర్‌లో టెస్టర్ వెలిగితే స్విచ్ న్యూట్రల్ మీద ఉన్నట్టు, దాన్ని ఫేజ్ మీదకు మార్పించండి.

ఎవరికైనా షాక్ తగిలి అతుక్కుపోతే ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి కర్రతో వైరును తప్పించాలి, చేత్తో లాగకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. తెగి పడిన లైను తీగ, స్తంభానికి షాక్ లాంటి వాటికి విద్యుత్ శాఖ నంబరు 1912. మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఎలా ఆపాలో ఇంట్లో ఆడవాళ్లకు, పెద్దపిల్లలకు ఈ రోజే చూపించండి.