నీళ్లు ఎక్కడ ఆగాయి?

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డుకి దగ్గర వీధి. మేడ మీద వాటా. మీరు బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డారు. లోపల ప్లంబరు నేల మీద గోనె పరిచి, ఫ్లష్ ట్యాంకు పింగాణీ మూతని దాని మీద జాగ్రత్తగా దించుతున్నాడు.

"ఎన్నాళ్లయింది పిన్నీ ఇలాగ?"

"వానలు పట్టిన కాణ్నుంచి బాబూ. నొక్కితే సగం నీళ్లే. మళ్లీ నిండాలంటే అరగంట."

ముందుకు వంగండి. నీళ్లు లోపలి గీతకి జానెడు కిందే ఉన్నాయి. సన్నగా చుయ్యిమంటున్న చప్పుడు. చాలామంది ఇక్కడే సెట్టంతా మార్చేయాలంటారు. ఇతను నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి ఊరుకున్నాడు. కాసేపు చూశాడు. కమోడ్‌లోకి నీలం దిగలేదు. అడుగు రబ్బరు బాగానే ఉందన్నమాట. నీళ్లు కారిపోవడం లేదు, అసలు రావడమే లేదు. వెతకడానికి ఇంత ఓపిక ఉన్న పనివాడు దొరకడం ఇంటివాళ్ల అదృష్టం.

ఫ్లోటుని వేలితో కిందకి నొక్కాడు. ధార పెరగలేదు. యాంగిల్ కాక్ కట్టేసి, పైపు ఊడదీసి, మగ్గులో పెట్టి కాక్ తిప్పాడు. నీళ్లు ధారగా పడ్డాయి. ఇక అడ్డం ఫ్లోటు వాల్వులోనే ఉండాలి.

పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఇక్కడ స్లాబు మీది ట్యాంకు ఈ బాత్‌రూమ్‌కి రెండు మీటర్లు పైనుంది, అంతే. అంటే 0.2 బార్. కింది వాటాలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి కాస్త మట్టి పట్టినా నీళ్లు నెట్టుకొస్తాయి. మేడ మీద ఆ కాస్తకే ఆగిపోతాయి.

నోస్ ప్లయరుతో వాల్వు కాడలోంచి చిన్న జాలీ లాగాడు. మీ అరచేతిలో పెట్టాడు. వేలి కొనంత ప్లాస్టిక్ ముక్క. కన్నాలు కనబడటం లేదు. ఎర్రమట్టి ముద్దలా అతుక్కుంది, మధ్యలో పైపు కోసినప్పటి తెల్లటి పీవీసీ పొట్టు. ఒడిశాలో కలహండి కొండల దగ్గర పుట్టి వచ్చే నాగావళి వరదొస్తే ఎర్రబడుతుంది. ఆ రంగే ఇది.

పాత బ్రష్షుతో రుద్దాడు. కన్నం కన్నం తేలింది.

"ఇది తీసి పారేస్తే పోదా?" అంది పిన్ని.

"వద్దు పిన్నీ. మట్టి లోపలికెల్లి రబ్బరు మీద కూకుంటే, అప్పుడు నీళ్లు ఆగవు."

జాలీ పెట్టేశాడు. పైపు మళ్లీ తగిలించి, నట్టు చేత్తో బిగించి, పానాతో పావు చుట్టే తిప్పాడు. అంతకు మించితే ప్లాస్టిక్ కాడ చిట్లుతుంది. లోపల రబ్బరు వాషరుంది కాబట్టి టేపు చుట్టలేదు. కాక్ తిప్పగానే చప్పుడు మారింది, బొరబొరా నిండుతోంది. ఫ్లోటు స్క్రూ సరిచేశాక నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టానికి అంగుళం కింద నిలిచాయి.

"మీద ట్యాంకు కడిగి ఎన్నాళ్లయింది?"

పిన్ని ఆలోచిస్తోంది.

"అయితే ఇప్పుడు మోటరు ఎయ్యకండి. అడుగునున్న మట్టి తోడీసి, కడిగీసి, అప్పుడు నింపుదాం. బకెట్టొకటి ఇయ్యండి."