ఐర్లండ్ కౌంటీ జట్ల రంగులు

ఐర్లండ్ సంప్రదాయ క్రీడలైన హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్‌లలో ప్రతి కౌంటీ జట్టుకూ తనవైన రంగులుంటాయి. కార్క్‌కు ఎరుపు, తెలుపు. కెర్రీకి ఆకుపచ్చ, బంగారు వన్నె. కిల్‌కెన్నీకి నలుపు, పసుపు చారలు. గాల్వేకు మెరూన్, డబ్లిన్‌కు ఆకాశ నీలం. వేసవిలో ఛాంపియన్‌షిప్ పోటీలు ముదిరేకొద్దీ ఊళ్లన్నీ ఈ రంగుల్లోకి మారిపోతాయి. వీధికి అడ్డంగా తోరణాలు, స్తంభానికో జెండా, దుకాణాల అద్దాల మీద రిబ్బన్లు కనిపిస్తాయి. ఫైనల్‌కు చేరిన కౌంటీలో గొర్రెల ఉన్నికి సైతం రంగు పూసే రైతులుంటారు. ఈ సంబరమంతా జీతం తీసుకోని ఆటగాళ్ల కోసం. ఆదివారం ఎనభై వేల మంది ముందు ఆడినవాడు సోమవారం బడిలో పాఠం చెబుతాడు, లేదా పొలానికి వెళతాడు.

ఇంత ప్రాణంగా చూసుకునే కౌంటీ గీతలను ఐరిష్ జనం గీసుకోలేదు. ఇంగ్లండ్ పాలకులు శిస్తుల కోసం, న్యాయస్థానాల కోసం దేశాన్ని విడతలవారీగా ముక్కలు చేశారు. అలా ఏర్పడిన 32 కౌంటీలలో చివరిది విక్లో, 1606 నాటిది. కాగితం మీది ఆ గీతలకు జనం మనసులో చోటు దొరకడానికి ఆటలే ప్రధాన కారణం. 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్ల్స్ పట్టణంలో, ఒక హోటల్లో మైకేల్ క్యూసాక్, మారిస్ డావిన్ మరికొందరు కలిసి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. ఇంగ్లిషు ఆటల ధాటికి కనుమరుగవుతున్న సొంత ఆటలను నిలబెట్టాలన్నది వారి పట్టుదల. సంఘానికి పునాది ఊరి క్లబ్బు. ఆ క్లబ్బు సాధారణంగా ఒక చర్చి పరిధిలోని పల్లెలకు చెందినదై ఉంటుంది. క్లబ్బుల పైమెట్టు కౌంటీ.

అఖిల ఐర్లండ్ పోటీలు 1887లో మొదలైనప్పుడు కౌంటీ జట్టు అంటూ వేరే ఉండేది కాదు. కౌంటీలో గెలిచిన క్లబ్బే కౌంటీ తరఫున బరిలోకి దిగేది, తన చొక్కాలే వేసుకునేది. 1892లో ఇతర క్లబ్బుల ఆటగాళ్లను కూడా కలుపుకునే వీలు వచ్చింది. అయినా రంగులు చాలాకాలం గెలిచిన క్లబ్బువే. ఈ ఏడాది ఒక రంగు, మరుసటి ఏడాది మరొకటి. 1913లో జట్టుకు 15 మంది అన్న నియమం వచ్చింది. కౌంటీకి స్థిరమైన రంగులుండాలన్న ఏర్పాటు కూడా ఆ రోజుల్లోనే కుదురుకుంది. ఈనాటి కౌంటీ రంగుల్లో చాలావాటికి మూలం వెతికితే ఏదో ఒక పల్లె క్లబ్బు పెట్టెలో తేలుతుంది. కిల్డేర్ జట్టు నిలువెల్లా తెలుపు ధరిస్తుంది. క్లేన్ అనే ఊరి జట్టు పిండి బస్తాల గుడ్డతో చొక్కాలు కుట్టించుకోవడం వల్లే ఆ తెలుపు వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

కార్క్ ఎరుపు వెనుక ఉన్నది తుపాకుల కాలం. మొదట్లో ఆ జట్టు నీలం చొక్కా వేసేది, దాని రొమ్ము మీద కాషాయ రంగులో పెద్ద ‘సి’ అక్షరం ఉండేది. స్వాతంత్ర్య యుద్ధం రగులుతున్న 1919లో బ్రిటిష్ సైనికులు కార్క్ నగరం కుక్ వీధిలోని కౌంటీ బోర్డు కార్యాలయంలో చొరబడి ఆ చొక్కాలను పట్టుకుపోయారు. ఆట దగ్గర పడింది, తొడుక్కోవడానికి చొక్కాల్లేవు. ఫాదర్ ఓ’లియరీ పేరిట నడిచే మద్యపాన నిరోధ సంఘం జట్టు దగ్గర ఎర్ర చొక్కాలుంటే అడిగి తెచ్చుకున్నారు. వాటితోనే అఖిల ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్లో డబ్లిన్‌ను ఓడించారు. 1903 తర్వాత కార్క్‌కు అదే తొలి హర్లింగ్ టైటిల్. అచ్చొచ్చిన రంగును ఇక వదల్లేదు. ఈ ఎరుపు తెలుపుల జతకు ‘నెత్తురూ కట్లూ’ అన్న ముద్దుపేరు స్థిరపడింది. ఎరుపు కనిపిస్తే చాలనుకుని జపాన్, క్యూబా జెండాలు ఊపే అభిమానులు కూడా ఉన్నారు.

టిప్పరరీ కథ మరింత బరువైనది. 1920 నవంబరు 21 ఉదయం డబ్లిన్‌లో ఐరిష్ తిరుగుబాటుదారులు బ్రిటిష్ గూఢచారులను కాల్చి చంపారు. ఆ మధ్యాహ్నం క్రోక్ పార్క్ మైదానంలో డబ్లిన్, టిప్పరరీ ఫుట్‌బాల్ జట్లు ఆడుతుండగా ప్రభుత్వ బలగాలు లోపలికి వచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో పదేళ్ల బాలుడున్నాడు, టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఉన్నాడు. ఆరోజు టిప్పరరీ వేసుకున్నది హోగన్ సొంత క్లబ్బు గ్రేంజ్‌మాక్లర్ వారి తెలుపు, ఆకుపచ్చ. నేడు క్రోక్ పార్క్‌లో ఒక ప్రేక్షకుల స్టాండు హోగన్ పేరుతోనే ఉంది.

ఆ తర్వాత కౌంటీ రంగులు నీలం, బంగారు వన్నెగా స్థిరపడ్డాయి. ఆ కాల్పులకు నూరేళ్లు నిండిన మరునాడు, 2020 నవంబరు 22న, మన్‌స్టర్ ప్రావిన్సు ఫుట్‌బాల్ ఫైనల్లో టిప్పరరీ కుర్రాళ్లు మళ్లీ ఆ తెలుపు, ఆకుపచ్చ చొక్కాలు తొడిగారు. కోవిడ్ వల్ల గ్యాలరీలు ఖాళీ. ఎదురుగా బలమైన కార్క్. 17–14 పాయింట్లతో టిప్పరరీ నెగ్గింది. ఆ టైటిల్ వారికి 1935 తర్వాత దక్కలేదు. ఆ ఏడాది నాలుగు ప్రావిన్సుల విజేతలు టిప్పరరీ, కావన్, మేయో, డబ్లిన్. 1920లో గెలిచినవీ ఆ నాలుగే. చరిత్రలో ఇంతటి కాకతాళీయం అరుదు.

రెండు జట్ల రంగులూ ఒకటే అయితే? దానికి ఒక పాత పద్ధతి ఉండేది: ఎవరి ప్రావిన్సు రంగు వారు వేసుకోవడం. మన్‌స్టర్‌కు నీలం, లీన్‌స్టర్‌కు ఆకుపచ్చ, కొనాక్ట్‌కు తెలుపు, అల్‌స్టర్‌కు పసుపు. 1957 ఫుట్‌బాల్ ఫైనల్లో కార్క్, లౌత్ రెండూ ఎర్ర జట్లే. అందుకని కార్క్ నీలంలో, లౌత్ ఆకుపచ్చలో ఆడాయి. విస్తీర్ణంలో దేశంలోకెల్లా చిన్నదైన లౌత్ గెలిచింది. ఆ కౌంటీ ఫుట్‌బాల్ చరిత్రలోని ఆ మహత్తర దినాన ఒంటి మీద ఉన్నది అరువు రంగు.

పాలనా పటం మారినా ఆటల పటం చెక్కుచెదరలేదు. ఉత్తర ఐర్లండ్‌లో 1973లో కౌంటీ పాలన రద్దయింది. అయినా టైరోన్, ఆర్మా, డౌన్ జట్లు తమ రంగుల్లో అలాగే ఉన్నాయి. 1994లో డబ్లిన్ కౌంటీని పాలన కోసం మూడుగా విడగొట్టారు. ఫుట్‌బాల్‌లో కొత్త కౌంటీల పేరిట జట్లు పుట్టలేదు, అందరూ నేటికీ ఒకే నీలం కిందే ఉన్నారు. కౌంటీ అన్న మాటకు ఇవాళ అసలు అర్థం ఇస్తున్నది కార్యాలయాల కంటే ఈ చొక్కాలేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

1991 నుంచి చొక్కాల మీద ప్రాయోజకుల పేర్లను అనుమతించారు. చొక్కాలు ఐర్లండ్‌లో తయారైనవే అయివుండాలన్న నిబంధన ఉంది. 1918లో మొదలైన ఓ’నీల్స్ సంస్థ ఈ రంగంలో పెద్ద పేరు. వెనుక అంకె ఉంటుంది, ఆటగాడి పేరు ఉండదు.

వలస వెళ్లినవారు సముద్రాల అవతల కూడా రంగులు కట్టుకున్నారు. లండన్ జట్టు ఆకుపచ్చ, తెలుపు ధరించి కొనాక్ట్ ఫుట్‌బాల్ పోటీలో ఆడుతుంది, 2013లో ఫైనల్ దాకా వెళ్లింది. అదే పోటీలో న్యూయార్క్ జట్టు ఏళ్ల తరబడి ఓడుతూ వచ్చి, 2023 ఏప్రిల్‌లో లీట్రిమ్‌ను పెనాల్టీలలో ఓడించి తొలి గెలుపు నమోదు చేసింది.