బ్యాటరీ మార్పు ఇంటి పనైన వైనం

1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం బ్యాటరీ కారులో స్థిరపడింది 1912లో, కాడిలాక్ సెల్ఫ్ స్టార్టర్‌తో. ఆ తర్వాత దశాబ్దాలపాటు దానికి చాకిరీ తప్పలేదు: మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోయాలి, హైడ్రోమీటర్‌తో యాసిడ్ చూడాలి. చాలామంది మెకానిక్‌కే వదిలేసేవారు. ఆ చాకిరీ తప్పించి బ్యాటరీ మార్పును మన వాకిట్లోకి తెచ్చింది మూత విప్పనక్కర్లేని సీల్డ్ బ్యాటరీయే. తిరుపతి అమరరాజా వారి అమరాన్‌తో తెలుగువారికి అది బాగా పరిచయమైంది.

మూత బిగించినంత మాత్రాన ప్రమాదం పోతుందా అంటారు. పోదు. పాజిటివ్ తీగ ముందు విప్పేటప్పుడు స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. అందుకే నెగటివ్ ముందు విప్పి, చివర బిగించాలి. ఇది ఎవరైనా నేర్చుకోగల క్రమం. అసలు బరువైన అభ్యంతరం సీసం విషం. పాత బ్యాటరీని పాత సామాన్లవాడికి అమ్మేయడం తప్పే. 2001 బ్యాటరీ నిబంధనలే దాన్ని డీలరుకో, నమోదైన రీసైక్లరుకో అప్పగించమన్నాయి.