స్లాట్ కార్ల ఇత్తడి ఛాసిస్: చేతి నిర్మాణ చరిత్ర

స్లాట్ కారు అంటే ట్రాక్‌లో కోసిన సన్నని గాడి వెంట కరెంటుతో పరుగెత్తే చిన్న నమూనా రేసు కారు. గాడికి రెండు పక్కలా లోహపు పట్టీలు ఉంటాయి. కారు ముందు భాగంలో కిందికి దిగి గాడిలో కూర్చునే గైడ్‌కు రాగి అల్లికలు బిగిస్తారు. అవి పట్టీలను రాసుకుంటూ మోటారుకు విద్యుత్తు అందిస్తాయి. ఆడేవారి చేతిలోని కంట్రోలర్‌తో వేగం పెంచవచ్చు, తగ్గించవచ్చు, అంతే. స్టీరింగ్ ఉండదు. అందువల్ల మలుపులో కారు గాడిని పట్టుకుని ఉంటుందా, ఎగిరి బయట పడుతుందా అన్నది ఆటగాడి వేలి నేర్పు తర్వాత కారు అడుగున ఉండే ఫ్రేము, అంటే ఛాసిస్ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 1960లలో అమెరికాలో పోటీదారులు ఈ ఛాసిస్‌ను ఇత్తడి, ఉక్కు తీగ కలిపి టంకం వేసి సొంతంగా చేసుకునేవారు. మధ్యలో దాదాపు కనుమరుగైన ఆ పని 2000ల మధ్య నుంచి రెట్రో రేసింగ్‌తో మళ్లీ మొదలైంది.

రేకు బొమ్మల నుంచి రేస్‌వేల దాకా

ఈ ఆటను ఇంటింటికీ చేర్చింది బ్రిటన్. మినీమోడల్స్ కంపెనీ యజమాని ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 1950ల తొలినాళ్లలో స్కేలెక్స్ పేరుతో స్ప్రింగు బలంతో నడిచే రేకు కార్లు చేసి అమ్మేవారు. వాటికే విద్యుత్ మోటారు పెట్టి 1957లో హారొగేట్ బొమ్మల ప్రదర్శనలో స్కేలెక్స్‌ట్రిక్‌ను ప్రవేశపెట్టారు. మరుసటి ఏడాది కంపెనీ లైన్స్ బ్రదర్స్ చేతికి వెళ్లింది. 1960 నుంచి రేకు స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. అసలు కారులో 32వ వంతు ఉండే ఈ బొమ్మలు ఇంట్లో నేలమీద పరిచే ట్రాక్‌కు సరిపోయాయి.

ఆట అమెరికాకు వెళ్లాక కొలతలన్నీ పెరిగాయి. కార్లు 24వ వంతుకు పెరిగాయి. ట్రాకులు ఇల్లు దాటి అద్దె హాళ్లలోకి చేరాయి. గంటకు ఇంతని డబ్బు కట్టి ఆడుకునే కమర్షియల్ రేస్‌వేలు 1960ల మధ్యలో ఊరూరా వెలిశాయి. అమెరికన్ మోడల్ రేస్‌వేస్ సంస్థ చేసిన ‘కింగ్’ ట్రాక్‌కు ఎనిమిది గాళ్లు, 155 అడుగుల పొడవు, ఏటవాలుగా లేచే పెద్ద మలుపు ఉండేవి. అంత పొడవున వేగం అందుకున్న కారు మలుపులో అడుగుపెట్టినప్పుడు బొమ్మ కారు ఫ్రేమ్ ఆ ఒత్తిడిని తట్టుకోలేదు.

కాక్స్, రెవెల్, మోనోగ్రామ్, రస్‌కిట్ వంటి కంపెనీలు మంచి కార్లే అమ్మాయి. కాక్స్ అయితే పోత మెగ్నీషియంతో కూడా ఛాసిస్‌లు చేసింది. అయినా పోటీలో ముందుండాలనుకున్నవారు మోటారు, చక్రాలు, గైడ్ కొనుక్కుని మిగతాది తామే కట్టుకునేవారు. ఇందుకు కావలసిన సరుకు ప్రతి హాబీ దుకాణంలోనూ ఉండేది. షికాగోకు చెందిన కె అండ్ ఎస్ ఇంజనీరింగ్ అమ్మే ఇత్తడి గొట్టాలు అంగుళంలో 32వ వంతు తేడాతో వరుస సైజుల్లో వచ్చేవి, ఒకదానిలో ఒకటి చక్కగా ఇమిడేవి. ఈ చిన్న సౌలభ్యం స్లాట్ కార్ల చరిత్రలో చాలా పెద్ద పని చేసిందని చెప్పాలి. ఇమిడే గొట్టాలున్నాయి కాబట్టే యంత్రాలేమీ లేని కుర్రవాడు కూడా వంటగది బల్ల మీద కదిలే మడతబందు చేయగలిగాడు.

బిగువు, కదలిక

తొలి ఫ్రేములు ఎంత గట్టిగా ఉంటే అంత మంచివని అందరూ నమ్మారు. రెండు లావు ఇత్తడి కడ్డీలు, వెనక మోటారు పెట్టె, ముందు గైడ్, నడుమ అడ్డపట్టీలు. కాని చెక్క ట్రాక్ అద్దంలా చదునుగా ఉండదు. అతుకుల దగ్గర కారు ముందు భాగం లేస్తే గైడ్ కూడా లేస్తుంది, అల్లికలు పట్టీలను వదులుతాయి, ఆ క్షణంలో కరెంటు తెగుతుంది. దీనికి జవాబుగా డ్రాప్ ఆర్మ్ వ్యాపించింది. గైడ్‌ను విడిగా ఒక చేయికి బిగించి, ఆ చేతిని మడతబందుతో ఫ్రేముకు కలిపారు. ముందు చక్రాలు లేచినా చేయి తన బరువుతో కిందికి వాలి గాడిలోనే ఉండేది.

ఒకచోట కదలిక మేలు చేస్తే మరోచోట ఎందుకు చేయదు? ఈ ప్రశ్నే తర్వాతి రెండు మూడేళ్లను నడిపించింది. కారు బాడీని నేరుగా ఫ్రేముకు కాక, పక్కల్లో వదులుగా ఆడే ఇత్తడి పలకలకు గుచ్చడం మొదలైంది. బాడీ ఊగినా ఆ ఊపు ఇరుసుదాకా రాదు. ఫ్రేమునే ఒక ముక్కగా కాక మడతబందుతో కలిసిన భాగాలుగా కట్టే ఐసో-ఫల్‌క్రమ్ పద్ధతి వచ్చింది. చేతిపనివారి ఈ ఆలోచనను కాక్స్ తన ‘లా కుకరాచా’ కారులో బజారుకు తెచ్చింది. ప్రధాన కడ్డీలు కూడా ఇత్తడి నుంచి పియానో వైరు అనే ఉక్కు తీగకు మారాయి. ఇత్తడి వంగితే వంగినట్టే ఉండిపోతుంది. ఉక్కు తీగ వంగి మళ్లీ తన ఆకారానికి వస్తుంది.

తీగ లావు ఎంచుకోవడంలోనే అసలు నేర్పు ఉంది. గుండ్రని తీగ బిగువు దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 1.4 మి.మీ. తీగ బదులు 1.6 మి.మీ. తీగ వేస్తే కంటికి తేడా తెలియదు, బిగువు మాత్రం దాదాపు 70 శాతం పెరుగుతుంది. ఒకే ట్రాక్ మీద ఒకే మోటారుతో రెండు కార్లు వేర్వేరుగా నడవడానికి తరచుగా ఇదే కారణం.

ఏటవాలు మోటారు

1968లో వచ్చిన యాంగిల్‌వైండర్ అంతకుముందున్న అమరికలన్నిటినీ పాతబడేలా చేసింది. అప్పటివరకు రెండు దారులే. ఇన్‌లైన్‌లో మోటారు కారు పొడవునా ఉండి, కిరీటంలాంటి పళ్ల చక్రంతో శక్తిని అడ్డంగా తిప్పి ఇరుసుకు పంపుతుంది. సైడ్‌వైండర్‌లో మోటారు ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది. పళ్ల చక్రాలు సాఫీగా తిరుగుతాయి, కాని మోటారు పొడవంతా రెండు టైర్ల మధ్య ఇమడాలి. టైర్లు వెడల్పయ్యేకొద్దీ ఆ చోటు కరువైంది. మోటారును కాస్త ఏటవాలుగా తిప్పిన యాంగిల్‌వైండర్‌తో ఈ చిక్కు తీరింది. టైర్లకు చోటు మిగిలింది, మోటారు బరువు వెనక ఇరుసు దగ్గరే నిలిచింది. మైక్ మారిసీ, జాన్ కుక్రస్, బాబ్ ఎమట్ వంటివారు ఆ రోజుల్లో పేరు మోసిన పోటీదారులు. మోడల్ కార్ సైన్స్, కార్ మోడల్ వంటి పత్రికలు గెలిచిన కార్ల ఫోటోలు, కొలతలు అచ్చువేసేవి. ఒక రేసులో కనిపించిన కొత్త పోకడ కొద్ది నెలల్లోనే దేశమంతా పాకేది.

ఈ మార్పుల వేగమే ఆటను దెబ్బతీసింది. నిన్న కొన్న కారుతో రేస్‌వేకు వచ్చిన పిల్లవాడి పక్క గాడిలో చేత్తో చుట్టిన మోటారు, కొత్త ఫ్రేము ఉన్న నిపుణుడు నిలబడేవాడు. ఆ పిల్లవాడు మళ్లీ రాలేదు. 1960లు ముగిసేసరికి రేస్‌వేలు వరుసగా మూతపడ్డాయి. మిగిలిన చోట్ల పై తరగతి పోటీలు రెక్కలు తొడిగిన కార్ల వైపు సాగాయి. అవి కింగ్ ట్రాక్‌ను రెండు సెకన్లలోపు చుట్టేస్తాయి, చూడటానికి ఏ అసలు కారునూ పోలవు. మామూలు ఆటగాళ్లకు పార్మా ఫ్లెక్సీ వంటి అచ్చుకొట్టిన ఉక్కు ఛాసిస్‌లు చవకగా దొరికాయి. సోల్డరింగ్ ఐరన్‌తో పని లేకుండా పోయింది.

రెట్రో పునరుద్ధరణ

2000ల మధ్యలో అమెరికాలో డి3, ఆ తర్వాత ఐఆర్‌ఆర్‌ఏ పేర్లతో కొత్త నిబంధనలు రూపుదిద్దుకున్నాయి. వాటి ఉద్దేశం పాత కార్లను ప్రదర్శనకు పెట్టడం కాదు, పాత పద్ధతిలో కొత్త కార్లు కట్టి పోటీపడటం. కాన్-యామ్ స్పోర్ట్స్ కార్లు, ఫార్ములా వన్ వంటి తరగతులున్నాయి. పలచని లెక్సాన్ ప్లాస్టిక్ బాడీ ఆనాటి అసలు కారును గుర్తుపట్టేలా ఉండాలి. మోటార్లు చవకైనవి, సీలు వేసినవి. ఛాసిస్ మాత్రం ఇత్తడి, తీగ కలిపి టంకం వేసినదై ఉండాలి. ఫార్ములా వన్‌లో మోటారు ఇన్‌లైన్‌గానే అమర్చాలి. మోటారు విషయంలో డబ్బు పోటీని ఆపి, ఛాసిస్ విషయంలో ఆలోచనకు తలుపు తెరిచి ఉంచడం ఈ నిబంధనల్లోని గొప్ప వివేకం. 1960లలో ఈ పని చేసినవారిలో కొందరు మళ్లీ ఐరన్ పట్టుకున్నారు.

పని తీరు పెద్దగా మారలేదు. భాగాలను కదలకుండా పట్టి ఉంచే చదునైన పలక (జిగ్) మీద పిన్నులతో ఇరుసుల స్థానం ఖాయం చేస్తారు. వెనక మోటారు బ్రాకెట్, ముందు గైడ్ నాలుక నిలిపి, మధ్యలో కడ్డీలు పరుస్తారు. అతికే చోటును ఎమెరీ కాగితంతో మెరిసేలా రుద్ది ఫ్లక్స్ పూస్తారు. ఇత్తడి వేడిని చప్పున లాగేసుకుంటుంది కాబట్టి చిన్న ఐరన్‌తో పని కాదు. వేడి చాలినప్పుడు టంకం నీళ్లలా పారి అతుకు లోపలికి పోతుంది. చాలకపోతే బూడిద రంగులో ముద్దగా నిలిచిపోతుంది, ఆ అతుకు మొదటి గుద్దుకే ఊడుతుంది. ఎక్కువ బలం పడే చోట సన్నని రాగి తీగ చుట్టి దానిమీద టంకం పారిస్తారు. చివర వంటసోడా కలిపిన నీళ్లతో కడగాలి. లేకపోతే యాసిడ్ ఫ్లక్స్ వల్ల ఇత్తడికి చిలుము, తీగకు తుప్పు పడతాయి. పూర్తయిన ఫ్రేమును గాజుపలక మీద పెట్టి నాలుగు మూలలా వేలితో తట్టి చూస్తారు. ఒక మూల టకటకలాడితే ఫ్రేము మెలి తిరిగిందని అర్థం. అప్పుడు అతుకులు విప్పి మళ్లీ కట్టాల్సిందే.

నేడు యంత్రంతో కోసిన ఇత్తడి భాగాలు, జతపరచుకునే కిట్లు కూడా దొరుకుతున్నాయి. వాటివల్ల చేతిపని చచ్చిపోలేదు. ముక్కలు కొన్నా ఏ తీగ ఎక్కడ వేయాలో, ఏది కదలాలో, ఏది కదలకూడదో కట్టేవారే తేల్చుకోవాలి.

1960ల అసలు ఫ్రేముల్లో చాలావాటి మీద చేసినవారి పేరు ఉండదు. రాగి తీగ చుట్టిన తీరు, టంకం పారిన తీరు, ఆకురాయి గీతలు, రేసు మధ్యలో హడావుడిగా వేసిన మరమ్మతులే వాటిని గుర్తుపట్టడానికి మిగిలిన ఆధారాలు. పాత సామాన్లలో అలాంటి ఇత్తడి ఫ్రేము ఎవరికైనా దొరికితే తళతళలాడేలా తోమవద్దు, విరిగిన చోట కొత్తగా అతకవద్దు. ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీసి, కొలతలు రాసి భద్రపరచండి.