క్రిస్మస్ పాట: రాసేవారు, పాడేవారు, అందుకొనేవారు

ఈ భాగం చదివాక, ఒక పాటను చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో మీరు వివరించగలుగుతారు. అల్వాల్ పరిసరాలను ఉదాహరణగా తీసుకుందాం.

కీర్తన సంప్రదాయం

సికింద్రాబాదు కంటోన్మెంటు 1806లో ఏర్పడింది. దానికి ఉత్తరాన బొల్లారం సైనిక స్థావరం, దాని పక్కనే అల్వాల్ ఉన్నాయి. బొల్లారంలో 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి ఇంగ్లీషు ఆరాధనకు నిలయం. తెలుగు క్రైస్తవులకు వేరే సంపద ఉంది. అది కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి రచనలు పల్లవి, చరణాలతో, రాగతాళాల సూచనలతో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో కనిపిస్తాయి.

నేడు సికింద్రాబాదు ప్రాంతపు సి.ఎస్.ఐ. సంఘాలు మెదక్ అధ్యక్ష మండలంలోనివి. మెదక్ చర్చి ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న, అంటే క్రిస్మస్ నాడే జరిగింది. ఆ ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించిన మాల, మాదిగ కుటుంబాల్లో అనేకులకు అప్పటికి అక్షరం అందలేదు. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకొనే కీర్తన వారికి కంఠస్థమైంది. రచయిత పేరు తెలియకపోయినా పాట వారిదే అయింది.

పాప్ పాట తెచ్చిన మార్పు

1818లో ఆస్ట్రియాలో పుట్టిన ‘సైలెంట్ నైట్’ కూడా ఇలాగే లోకమంతటిదీ అయింది. జోసెఫ్ మోర్ రాసిన ఆ పాటకు ఫ్రాంజ్ గ్రూబర్ బాణీ కట్టాడు. పాడేవారిలో ఆ పేర్లు ఎరిగినవారు తక్కువ.

రికార్డులు వచ్చాక పాట ఒక గొంతుకు కట్టుబడింది. 1984లో జార్జ్ మైకేల్ ‘లాస్ట్ క్రిస్మస్’ను తానే రాసి పాడాడు. మరయా కేరీ మరొకరితో కలిసి రాసి పాడిన ‘ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ’ 1994లో వచ్చి, 25 ఏళ్ల తరువాత, 2019లో, అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఇంటర్నెట్‌లో వినడం పెరగడం ఇందుకు ముఖ్య కారణం. రెండు పాటల్లోనూ క్రీస్తు జననం లేదు. ప్రేమ, ఎడబాటు, ఎదురుచూపు ఉన్నాయి. మతంతో నిమిత్తం లేని శ్రోతలకూ అవి చేరాయి.

తెలుగులో పరిస్థితి వేరు. 1978 నాటి ‘కరుణామయుడు’ వంటి చిత్రాల్లో రచయిత, స్వరకర్త, గాయకుడు వేర్వేరు వ్యక్తులు. అమెరికాలో ఉంటూ జాషువా షేక్ రాసే పాటలకు ప్రాణం కమలాఖర్ సంగీతం కూరుస్తారు. పాడేది సినీ నేపథ్య గాయకులు. తామే రాసి పాడే పాస్టర్లూ ఉన్నారు. బాణీలు మారినా వస్తువు మాత్రం క్రీస్తు జననమే. కారణం ఒకటే: యూట్యూబులో విన్న పాట తిరిగి చర్చికే చేరాలి, క్యారల్స్‌కు ఇంటింటికీ వెళ్లే యువత దాన్ని పాడగలగాలి.

చరిత్ర విద్యార్థికి సూచన

రికార్డు మీద పేరున్నవారినే లెక్కిస్తే, చదువు రాకపోయినా పాటను తరాలు దాటించినవారు చరిత్రలోంచి జారిపోతారు. కనుక ఏ పాటను పరిశీలించినా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు రాశారు? ఎవరు పాడారు? ఎవరు అందుకున్నారు? మూడో ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో తరచుగా దొరకదు. పెద్దలను అడిగి రాసుకోవాలి.

అభ్యాసం: మీ ఊరిలో పండుగకు పాడే ఒక పాటను ఎంచుకొని, పై మూడు ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానం రాయండి.